అయిదింటికి ఆరే దీపం

దానియేలు చచ్చి పన్నెండు రోజులైంది. అయినా డ్యూటీకి రావడం మానలేదని ఇబ్రహీంపట్నం సబ్‌స్టేషన్‌లో అందరి నమ్మకం.

బెజవాడ గూఢచారి క్యాంపులో చీఫ్ మాత్రం దయ్యాల ఊసెత్తలేదు.

"ముత్యాలూ! భారత సైన్యం నిజాం హద్దు దాటింది. రజాకార్లకు విదేశీ తుపాకులు చేరవేసే ముఠా వైర్‌లెస్ సెట్ ఒకటి ఆ సబ్‌స్టేషన్ చుట్టుపక్కలే పలుకుతోంది. రావిర్యాల గుట్టల్లో మనవాళ్లు నలభై మంది దాక్కున్నారు. రేపు సాయంత్రం అయిదింటికి వాళ్ల ఆచూకీ రజాకార్లకు చెప్పేస్తుంది. ఆపాలి."

"ఆ నలభైల మా అక్క అనంతమ్మ ఉన్నది సార్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. మన కాంటాక్ట్ నర్సు సుసన్న. కోడ్ వర్డ్ అగ్గిపెట్టె."

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు ముత్యాలు కొత్త హెల్పర్ వేషంలో గేటు దగ్గర దిగాడు. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో రబ్బరు గ్లౌజులు, కటింగ్ ప్లేయర్ ఉన్నాయి. ఎదురుగా తెల్లచీరలో సుసన్న, చేతిలో కుండ. పెదవులకు రంగు. సంతాపానికి ఆ రంగు కాస్త ఎక్కువే.

"అగ్గిపెట్టె ఉన్నదా అన్నా?"

"ఉన్నది. తడిసింది."

"దానియేలు నన్ను చేసుకుంటనన్నడు. పంపు వెనక ఆయన పడిపోయిన జాగల దినాం ఉప్పునీళ్లు పోస్తున్న. దయ్యం దాటదంటరు" అంది. కళ్లు మాత్రం నిజంగానే తడిగా ఉన్నాయి. ముత్యాలుకు జాలేసింది.

లోపల ముసలి ఆపరేటర్ ఈశ్వరయ్య కంట్రోల్ గది చూపించాడు.

"గా ట్రాన్స్‌ఫార్మర్‌ల మూడో తీగచుట్ట ఉన్నది సూడు, టెర్షియరీ. మన లైట్లకు, పంపుకు గదే కరెంటిస్తది. దానికి ఎర్తింగ్ లేదు, భూమికి కలపలే. గందుకె ఒక్క తీగ ముడితె జర చురుక్కుమంటది, గంతె. మేమందరం ఒట్టిచేత్తోనె ముడుతం. దానియేలు గట్లనే ముట్టిండు. మాడిపోయిండు."

"గోడమీద ఆ మూడు దీపాలేంది?"

"పాత ఇంజినీరు దొర పెట్టిపోయిండు. ఎందుకో తెల్వదు. దానియేలు పోయిన దినం సంది అయిదింటికి ఒకటి ఆరుతది, రెండు భగ్గుమంటయి. వాడే వస్తడు బిడ్డా."

ముత్యాలు దీపాల దగ్గరికి నడిచాడు. ట్రైనింగ్‌లో నేర్చింది గుర్తొచ్చింది. ఆ చుట్ట నుంచి వచ్చే మూడు తీగలకు తీగకొక దీపం. ఏ తీగ భూమిని తాకితే దాని దీపం ఆరుతుంది. అప్పుడు మిగతా రెండు తీగలూ ఒట్టిచేతికి యమపాశాలే. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక తీగను భూమిలో దించితే, రెండో తీగను కంచె వెంట పంపి దూరాన సెట్ నడపొచ్చు. తిరుగుదారి మట్టే. మట్టికి తడి కావాలి. ఉప్పు కూడా ఉంటే మరీ మంచిది.

ఉప్పునీళ్లు!

గడియారంలో అయిదుకు నిమిషం తక్కువ. మొదటి దీపం ఆరిపోయింది. ముత్యాలు గ్లౌజులు తొడుక్కుంటూ పంపు వెనక్కి పరుగెత్తాడు.

తడి మట్టిలోంచి రాగితీగ లేచి పంపుకు వచ్చే కరెంటు తీగకు కొక్కెంలా తగులుకుని ఉంది. పక్కన ఖాళీ కుండ. సుసన్న చేతిలో పిస్తోలు.

"మాకూ ఆ ముఠాకూ, ఇద్దరికీ పనిచేస్తున్నవన్నమాట."

"ముట్టకు!" ఆమె పిస్తోలు గురిపెట్టింది. "అయిదింటికి రావద్దని ఆయనకు జెప్పిన. వినలే. నా కండ్ల ముందటనే... ఇంకొకని సావు నేను సూడలేను."

"గుట్టల మా అక్క ఉన్నది సుసన్నా. కాలుస్తె కాల్చు."

ప్లేయర్ రాగితీగను కొరికింది. పిస్తోలు పేలలేదు. కంచె అవతలి పాడుబడ్డ బంగళాలో సెట్ మాట మధ్యలోనే మూగబోయింది. సుసన్న ఖాళీ కుండ పక్కన కూలబడి ఏడ్చింది.

మరునాడు అయిదింటికి మూడు దీపాలూ సమానంగా వెలిగాయి. గుట్టల్లో నలభై మందీ క్షేమం. ముత్యాలు దీపాల సంగతంతా విడమరిచి చెప్పాడు. ఈశ్వరయ్య దీపాలవైపు తిరిగాడు.

"అంటె ముట్టొద్దని గా దీపం దినాం జెప్తనే ఉండె. మనమే దయ్యమన్నం."

"అవ్ బాపూ. ఇప్పుడు ఫికర్ లేదు."

ఈశ్వరయ్య రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. రిటైరయ్యేదాకా తీయలేదు.