బ్యాటరీ కంపు

కుళ్ళిన గుడ్డు కంపు నాకు కొత్త కాదు. ఖరగ్‌పూర్ యార్డులో ఇరవై రెండేళ్ళుగా రైలు పెట్టెల కింద దూరి బ్యాటరీలు చూసుకుంటున్నాను. పెట్టె కదలకుండా నిలబడి ఉన్నప్పుడు, స్తంభం దగ్గరున్న డబ్బా నుంచి లావుపాటి కేబులు లాగి బయటి కరెంటుతో దాని బ్యాటరీలకు ఛార్జింగు పెడతాం. అది ఎక్కువైతే లోపల యాసిడ్ ఉడికి అచ్చం ఆ కంపే కొడుతుంది. కేబులు పీకి, ఎండిన సెల్లుల్లో డిస్టిల్డ్ వాటర్ పోస్తే సరిపోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడిగేది ఒకటే మాట, "నీళ్ళు పోసినావా?" అని. నన్ను నిద్రలో లేపి అడిగినా "పోస్తన్నాను" అంటాను.

ఆ బుధవారం మధ్యాహ్నం నా మనసు పనిమీద లేదు. మా పెద్దమ్మ చిట్టెమ్మ ఆదివారం నుంచి కనబడటం లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ముసలితనంలో మతి తప్పి, ఏ పెట్టె కనబడినా ఊరెళ్ళే పలాస బండి అనుకుని ఎక్కబోతోంది. ఇందా బజారు, హిజ్లీ స్టేషను, సాలువా క్యాంపు గేటు, అన్నీ వెతికాను. డ్యూటీ మానితే ఊరుకోరు కాబట్టి పగలు పని, సాయంత్రం వెతుకులాట.

నేను చూస్తున్నది మరమ్మతు కోసం చివరి లైనులో పెట్టిన పాత స్లీపరు పెట్టె. సోమవారం నుంచీ కంపు. ఛార్జింగు తగ్గించాను. మంగళవారం ఇంకా పెరిగింది. ఎండ భరించలేక ఆ పెట్టె నీడలోనే క్యారియరు విప్పి, ముక్కు పక్కకి తిప్పుకుని అన్నం తిన్నాను.

"రాజా, ఇది బేటరీ కంపేనంటావా?" అన్నాడు ఏలియన్న, నాతో పనిచేసే ఫిట్టరు. జేబురుమాలు ముక్కుకి కట్టుకున్నాడు.

"మరేటి? ఎలక సచ్చిందనుకున్నావా?"

"ఎలక్కి ఇంత కంపు రాదురా."

"నువ్వెళ్ళి కేబులు పీకన్నా," అని విసుక్కుని కిందికి దూరాను.

సన్నగా జల్లు పడుతోంది. పెట్టె అడుగున చీకటిగా, ఉక్కగా ఉంది. పచ్చటి ఈగలు గుంపులుగా మూగి రొద పెడుతున్నాయి. పైనుంచి లెట్రిన్ గొట్టంలోంచి నల్లగా, జిగటగా ఏదో కారి బ్యాటరీ డబ్బా మూతమీద పడుతోంది. గ్రీజనుకుని అరచేత్తో తుడిచాను. ప్యాంటుకి రాసుకున్నా వదల్లేదు.

"నీళ్ళు పోసినావా?"

"పోస్తన్నాను," అన్నాను అలవాటుగా. మొదటి సెల్లు మూత తీసి పోశాను. రెండోది. మూడోది.

"నీళ్ళు పొయ్యరా..."

"పోస్తన్నానన్నా! ఎన్నిసార్లు సెప్పాలి?"

చక్రాల సందులోంచి తొంగి చూశాను. ఏలియన్న యాభై అడుగుల దూరంలో, స్తంభం దగ్గర, అటు తిరిగి కేబులు చుడుతున్నాడు.

"ఏలియన్నా!" అని కేకేశాను.

అతను తిరిగొచ్చి వంగి చూశాడు. "ఏటైందిరా?"

"నువ్వు పిలిసినావేటి?"

"నేనెందుకు పిలుత్తాను..."

అప్పుడే వినిపించింది. నా తలకి జానెడు పైన, ఇనప రేకు అవతల. మెల్లగా... గొంతులో గుడ్డ కుక్కినట్టు...

"సన్నీళ్ళొద్దురా నూకా... సలి..."

ఏలియన్న కూడా విన్నాడు. "ఎవుల్రా పైన?" అన్నాడు గుసగుసగా.

బ్యాటరీకి చన్నీళ్ళేమిటి, వేణ్ణీళ్ళేమిటి? ఒంటికి పోయించుకునే మనిషి అడిగే మాట అది. నన్ను నూకా అని పిలిచేది లోకంలో ఒక్కరే.

"పెద్దమ్మన్నా! బతికుంది!"

ఆ సంతోషంలో కంపు సంగతే మరిచిపోయాను. ఎగిరి మెట్టెక్కి తలుపు తాళం తీశాను. ఆదివారం డ్యూటీ దిగేటప్పుడు ఆ తాళం వేసింది నేనే. లోపల ఎవరైనా ఉన్నారేమో అని చూడలేదు. అక్కడ ఎవరం చూడం.

లెట్రిన్ లోపలినుంచి గడియ పెట్టి ఉంది. ఏలియన్న కాలితో తన్నాడు.

గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా ఉబ్బిపోయింది. మొహం చూసి పోల్చుకోలేదు. మణికట్టు మీది పచ్చబొట్టు చూసి పోల్చుకున్నాను. చర్మం రంగు మారి, చేతినుంచి తొడుగులా జారిపోతోంది. ముక్కులో తెల్లగా కదులుతున్నాయి. నా అరచేతిమీది జిగట ఏమిటో అప్పుడు తెలిసింది. కక్కుకున్నాను. ఆవిడ కాళ్ళమీదే కక్కుకున్నాను.

బెంగాలీ డాక్టరు చూసి, పోయి రెండు రోజులు దాటిందన్నాడు. ఆదివారం రాత్రే పోయిందట. మరి బుధవారం మేం విన్నదేమిటని ఎవర్ని అడగను?

మర్నాడు ఆసుపత్రివాళ్ళు శవాన్ని ప్లాస్టిక్ షీటులో కుట్టి ఇచ్చారు. పైనుంచి తాడు. ఏలియన్న ఎక్కడినుంచో బకెట్టుడు వేణ్ణీళ్ళు మోసుకొచ్చాడు.

"కళ్ళు మూసుకునైనా రెండు సెంబులు పొయ్యరా. అడిగింది కదా."

"విప్పొద్దన్నా."

"పోనీ నేను పోసీనా?"

"వొద్దు. ఎవులూ వొద్దు."

చిన్నప్పుడు నన్ను కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసిన మనిషి. తాడు విప్పడానికి నాకు అసహ్యం వేసింది. దానికి ఇంకో పేరు పెట్టను. అలాగే కాల్చి వచ్చేశాం.

ఏలియన్న నన్ను క్వార్టరు దాకా దిగబెట్టాడు. మా ఆవిడ సత్యవాణి పెరట్లో వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు కలిపి ఉంచింది. పీటమీద కూర్చుని, తలకీ మొహానికీ సబ్బు పట్టించుకుని కళ్ళు మూసుకున్నాను. వీపుమీద చెంబుతో నీళ్ళు పడ్డాయి. హాయిగా అనిపించింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఏడుపొచ్చింది.

"వీపు రుద్దు," అన్నాను.

రుద్దింది. అరచెయ్యి మెత్తగా ఉంది... మరీ మెత్తగా... పట్టు లేకుండా జారుతోంది. ఏదో పలచటి పొర ఊడి నా వీపుకి అంటుకుంది.

"అన్నయ్యా, టీలో పంచదార ఎయ్యనా?"

సత్యవాణి గొంతు. వీధి గుమ్మం దగ్గరినుంచి.

"సగం సెంచా చాలమ్మా," అంటున్నాడు ఏలియన్న.

నేను కళ్ళు తెరవలేదు. వెనక చెంబు బకెట్టులో ముంచిన చప్పుడైంది. నీళ్ళు మళ్ళీ నా నెత్తిమీద పడ్డాయి, మెల్లగా, నేను ఓర్చుకోగలిగినంత వేడిగా.