తొమ్మిది పన్నెండు ముహూర్తం

"ఈసారి ఇంజిన్ విప్పి చూసినంకనే సంతకం పెట్టు, తాహా," అంది ఇంటెలిజెన్స్ చీఫ్ దుర్గాబాయి.

ఏజెంట్ తాహా తల దించుకున్నాడు. నిరుడు ఇలాంటి సెకండ్‌హ్యాండ్ లైట్ స్పోర్ట్ విమానాన్నే లాగ్‌బుక్ చూసి ఓకే చేశాడు. ముహూర్తం దాటిపోతోందని అందరూ తొందరపెడితే ఇంజిన్ కవర్ తీయకుండానే సంతకం గీకేశాడు. రాడార్ సైంటిస్ట్ జోగారావు ఆ విమానంలోనే పోయాడు. అది విదేశీ ముఠా పని. తాహాకు మాత్రం తన సంతకమే గుర్తొచ్చేది.

ఇప్పుడు వాళ్ల టార్గెట్ సైంటిస్ట్ మధుసూదన్. అనుమానమే తప్ప ఆధారం లేదు.

శామీర్‌పేట దాటాక ప్రైవేట్ ఎయిర్‌స్ట్రిప్. మెకానిక్ వేషంలో తాహా. జేబులో పెన్ను, దాని కొసన కెమెరా. మధుసూదన్‌కు ఈ పాత విమానాన్ని అమ్మిపెడుతున్నది ఇషిత. నల్ల కళ్లద్దాలు, పట్టు చీర, పేరుకు డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మర్.

మధుసూదన్ నాయనమ్మ బుచ్చమ్మ అలియాబాద్ నుంచి వచ్చి విమానం ముక్కు నిండా పసుపు పూసింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టింది.

"తొమ్మిది పన్నెండుకు ముహూర్తం. జల్దీ కానియ్యి బిడ్డా!"

"లాగ్‌బుక్ నేనే చెక్ చేశాను. రెండొందల గంటలే ఎగిరింది," అంది ఇషిత. నిరుడు కూడా ఇదే మాట అంది.

తాహా లోపలికి వంగి పెడల్స్ చూశాడు. రబ్బరు అరిగిపోయి ఇనుము మెరుస్తోంది. రెండొందల గంటలకు అంత అరగదు.

"అవ్వా, ఇంజిన్ కవర్ తియ్యాలె."

"పూజైనంక విప్పుతరా? అపశకునం గాదూ!"

నిరుడు ఇలాంటి మాటలకే వెనక్కి తగ్గాడు. ఈసారి పసుపు తుడిచి స్క్రూలు తిప్పడం మొదలుపెట్టాడు.

"టైమ్ లేదు మధు గారూ, మీరు స్టార్ట్ చేయండి," అంది ఇషిత.

మధుసూదన్ సీట్లో కూర్చున్నాడు. కవర్ సందులోంచి పెన్ను లోపలికి దూరింది. ఫోన్ తెర మీద పెట్రోల్ పైపు కనిపించింది. కొత్త తొడుగు చాటున సగానికి కోసి ఉంది. గాల్లోకి లేచాక తెగేది.

"సార్, ఆగుండ్రి!" తాహా ఒక్క ఉదుటున వెళ్లి తాళం మీదున్న మధుసూదన్ చేతిని పట్టుకున్నాడు. వెంటనే గేటు మూయమని కాలర్ మైకులో కోడ్ చెప్పాడు. "నిమ్మకాయ తీసేయండి."

గేటు మూసుకుంది. మేడ్చల్ వైపు కారు తిప్పిన ఇషిత గేటు దగ్గరే దొరికిపోయింది.

బుచ్చమ్మ గడియారం చూసి నెత్తి కొట్టుకుంది. "ముహూర్తం పాయె గదా బిడ్డా!"

తాహా ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"పోయినసారి విమానం మంచి ముహూర్తానికే ఎగిరింది అవ్వా."