మహతి పలికించిన అపస్వరం

ఆమదాలవలస స్టేషన్ బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ గూఢచారి విభాగం చీఫ్ జగదాంబ బ్రీఫింగ్ మొదలుపెట్టింది. చూసేవాళ్లకు ఆవిడ రైలు కోసం కూర్చున్న ఓ పెద్దావిడ, అంతే.

"భాస్కర్, రేపు చెన్నై పెద్ద సంగీత సభలో కచేరీ. ముందు వరసలో మిస్సైల్ సైంటిస్ట్ లక్ష్మణరావు ఉంటారు. మంగళం కాగానే హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్ల మాటున సైలెన్సర్ గన్ పేలుతుంది. షూటర్ ఎవరో తెలీదు. సైంటిస్ట్‌ని రాకుండా ఆపేస్తే ఈ పని చేయించే ముఠా మళ్లీ చేతికి చిక్కదు."

"కచేరీ ఎవరిది?"

ఆవిడ ఒళ్లో తొక్కలు దులుపుకుంది. "మహతిది. ఆ ముఠాలోకి మనమే పంపాం. ఏడాదిగా కబురు లేదు. ఇప్పుడు మన మనిషో, వాళ్ల మనిషో నాకే తెలీదు."

నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి కూతురు మహతీ, ఉదయభాస్కరూ విజయనగరంలో వేంకటాచలం మాస్టారి దగ్గర ఒకే చాప మీద కూర్చుని ఫిడేలు నేర్చుకున్నారు. పెళ్లి మాటలు నడుస్తుండగా ఆ పిల్ల చెప్పాపెట్టకుండా విదేశం వెళ్లిపోయింది. ఎందుకో ఇన్నాళ్లకి తెలిసింది, ఏం లాభం?

"నీది అందరికీ చెప్పుకునే పాత కవరే. సాలూరులో లారీల వ్యాపారం. సంగీతం ముక్క రాదు. చేత్తో తాళం మాత్రం వేయకు."

ఆ సభ మెట్లు ఇద్దరం కలిసే ఎక్కాలని ఒకప్పుడు అనుకున్నారు. పెట్టుడు మీసం, చెవి మెషీన్‌లో ఇయర్‌పీస్ పెట్టుకుని భాస్కర్ ఒక్కడే ఎక్కాడు. లోపల మల్లెపూల వాసన, పట్టుచీరల గరగర. వేదిక మీద మహతి. పక్క తెర దగ్గర ఆమె మేనేజర్ రేఖ; నిజానికి ఆమె మీద ముఠా పెట్టిన కాపలా మనిషి.

మహతి కమాను ఎత్తింది. భాస్కర్ పాడు చెయ్యి, మాట వింటేనా! తొడ మీద దానంతటదే తాళం వేసేసింది, అదీ ఎడం చేత్తో. ఎడం చేత్తో తాళం వేసేది వేంకటాచలం మాస్టారి శిష్యులు మాత్రమే. మహతి కళ్లు ఆ చేతి మీద ఓ క్షణం ఆగి, ముందుకు పోయాయి.

మంగళం ఆఖరి పంక్తిలో నిక్షేపంలాంటి రాగంలో ఒక స్వరం కర్ణకఠోరంగా పలికింది. హాలంతా ఇబ్బందిగా కదిలింది. చిన్నప్పుడు మాస్టారు వస్తుంటే మహతి చేసే హెచ్చరిక అది. కావాలని అపస్వరం వాయించి, ఆయన వచ్చే వైపు చూసేది. ఇప్పుడు ఆమె చూపు ఎడమ బాల్కనీలో వీడియో కెమెరా మీద ఉంది.

భాస్కర్ మెట్లెక్కి పరిగెత్తాడు. చప్పట్లు మొదలయ్యాయి. కెమెరా కింద ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తోంది. మత్తు సూది పెన్ను షూటర్ మెడలో దిగింది. గురి తప్పిన గుండు గోడలోకి పోయింది.

"లోడు దిగింది," అని జగదాంబకి పని అయిన సంకేతం ఇచ్చాడు ఇయర్‌పీస్‌లో.

గ్రీన్‌రూమ్‌లో మహతి కుర్చీలో వాలిపోయి ఉంది. పక్కన ఖాళీ కాఫీ గ్లాసు.

"ఏటి బావా, ఆ సెయ్యి ఇంకా ఊరుకోదా? లారీలన్నప్పుడే నమ్మలేదు నేను."

"ఏం తాగేవు?"

"రేఖ ఇచ్చింది. అపస్వరం సైగని దానికీ తెలిసిపోనాది. మాస్టారు ఫోన్లో లైవ్ సూస్తన్నారు బావా. కావాలనే వాయించేనని సెప్పీ ఆయనకి."

"చెప్తాను. నువ్వు కళ్లు తెరువు."

అంబులెన్స్ వచ్చేసరికి మహతి ప్రాణం పోయింది. రేఖ వెనక గేటు దగ్గర పట్టుబడింది. భాస్కర్ మహతి ఫిడేలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. ఇయర్‌పీస్‌లో జగదాంబ ఆదేశం వినిపించింది. "గుండెపోటు అని ప్రకటిస్తున్నాం. ముఠా మనుషులు ఇంకా బయట ఉన్నారు. ఎవరితోనూ ఒక్క మాట అనకు. మాస్టారితో కూడా."

ఫిడేలు తీసుకుని విజయనగరం వెళ్లాడు. వేంకటాచలం మాస్టారు పెట్టె తెరిచి, తీగలు తడిమి, చాలాసేపు కళ్లు తుడుచుకున్నారు.

"పోయిన పిల్లని అనకూడదు. కానీ మంగళంలో అపస్వరమేమిట్రా? అంతమంది ముందు? నేను నేర్పడంలోనే లోపం ఉండుంటుంది."

భాస్కర్ ఫిడేలు పెట్టె మూశాడు.

"నువ్వే నయంరా," అన్నారు మాస్టారు. "సంగీతం మానేసి లారీలు తోలుకుంటున్నావు. నా పరువు నిలబెట్టావు."