ఒక్క నంబరు మీద వీధంతా దగ్గు

"హులిగెమ్మ గారేనా అండీ? దగ్గు ఎలా ఉంది?"

ఆదోనిలో సెల్‌ఫోన్ షాపు కౌంటర్లో కూర్చున్న కృపకు ఒళ్లు మండింది. "నాకే దగ్గూ లేదు. ఎవురప్పా నువ్వు?"

"దినేష్ అండీ, కర్నూలు నుంచి. ఆసుపత్రుల రికార్డులన్నీ ఒకచోట చేర్చిన డేటాబేస్‌తో, పత్తి జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల దగ్గు మీద రీసెర్చ్ చేస్తున్నాం. ఈ నంబరుతో ఆసుపత్రిలో మీరేమో పొద్దున హులిగెమ్మ, మధ్యాహ్నం మల్లమ్మ, మర్నాడు సువార్తమ్మ..."

"సువార్తమ్మ మా అమ్మ. తక్కినోళ్లు మా వీధోళ్లు. ఆడోళ్ల ఫోన్లు మొగుళ్ల జేబుల్లో ఉంటే ఆసుపత్రిలో ఓటీపీ అడిగినప్పుడు ఎవురు సెప్తారు? అందుకే అందరికీ నా నంబరే ఇచ్చినా. తప్పా?"

అవతల గొంతు తగ్గింది. "కంప్యూటర్ అందర్నీ ఒకే మనిషి అనుకుందండీ. మిగతావి డూప్లికేట్లని తీసేస్తున్నాం."

"తీసేస్తే?"

"మిల్లుల్లో దగ్గు తక్కువేనని రిపోర్టు వెళ్తుంది."

కృపకు కోపం నషాళానికి అంటింది. పత్తి దుమ్ముకు తల్లి ఆయాసపడుతూ గుమ్మంలోనే కూలబడటం ఆమె రోజూ చూసేదే. ఈ మహానుభావుడు ఒక్క మీట నొక్కి అదంతా లేదనేస్తాడా?

"ధైర్యముంటే ఆదోనిలో మా సెల్‌ఫోన్ షాపుకాడికొచ్చి, మా అమ్మ ముందర సెప్పు ఆ మాట."

వస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. మర్నాడే వచ్చాడు. వానలో తడిసి ముద్దై, ల్యాప్‌టాప్‌ను చొక్కా కింద దాచుకుని షాపు ముందు నిలబడ్డాడు. తిట్టాలనుకున్న మనిషి ఇంత బాగుంటాడని కృపకు ముందుగా ఎవరూ చెప్పలేదు మరి.

"మాది ఎమ్మిగనూరే," అన్నాడు. "అరిచేదేదో లోపలికి పిలిచి అరవండి, తడుస్తాండాను."

"తడువు. మా వీధికి పోతాండాం."

దారిలో తన గోడు చెప్పుకున్నాడు. ఈ రీసెర్చ్ మీద అచ్చయ్యే పేపర్లో పేరుంటేనే అతనికి పీహెచ్‌డీ సీటు. కృప నడక వేగం తగ్గించలేదు.

ఆడవాళ్లంతా సువార్తమ్మ వసారాలో చేరారు. దినేష్ ఒక్కొక్కరి రికార్డూ విడదీసి, వయసు, మిల్లు, దగ్గు ఎప్పటి నుంచో అడిగి ఎక్కించుకున్నాడు. "పెండ్లయిందా అప్పా?" అని మల్లమ్మ ఎదురు అడిగేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. కృప నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది.

అంతలో అతని రీసెర్చ్ గైడ్ నుంచి ఫోన్. "గడువు ఈరోజే దినేష్. ఆ డూప్లికేట్లు తీసేసి పంపు. లేదంటే పేపర్లో నీ పేరుండదు."

దినేష్ తలెత్తాడు. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

"అయితే నా పేరే తీసేయండి సార్. వీళ్లను తీయను. అందరూ నా కళ్లముందే ఉన్నారు. ఎందుకు తీయలేదో యూనివర్సిటీ రీసెర్చ్ కమిటీకి కూడా రాస్తాను."

ఫోన్ కట్టయింది. అతను ల్యాప్‌టాప్ తెరిచి కమిటీకి అందరి రికార్డులూ పంపేశాడు.

"సీటు పోతుందేమో," అంది కృప.

"పోతే పోనీలే. వచ్చే ఏడు సీటుకు మళ్లా అప్లై చేస్తా."

ఆ మాటతో కృప మనసు పూర్తిగా అతని వైపు ఒరిగింది.

"ఏమే, ఈ అబ్బి..." అని తల్లి నోరు తెరవగానే అడ్డుపడింది. "కులం అడగొద్దమ్మా. నాకు నచ్చినాడు. ఎవురేమన్నా సరే."

వసారాలో అందరూ సువార్తమ్మ వైపు తిరిగారు.

"తిన్నాడా అని అడగబోయినా గదే," అంది సువార్తమ్మ.

"తినలేదమ్మా," అన్నాడు దినేష్, కళ్లు కృప మీద నుంచి తిప్పకుండా. "నాకూ నచ్చింది."

సువార్తమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసి కంచం తెచ్చింది. "అయితే కూసో నాయనా. అడ్డమొచ్చేటోళ్లను నేను సూసుకుంటా."