సర్టిఫికెట్ వయసు

పొద్దున్న ఏడు కాకముందే సుబ్బలక్ష్మి హాల్లో చాప పరిచి సంచి సర్దడం మొదలుపెట్టింది. మామూలు సంచి కాదది. దాదాపు మనిషంత పొడుగుండే సంచి, ఫెన్సింగ్ అనే కత్తి ఆట సామానుది. ఒకప్పుడు కూతురు ప్రవీణది, ఇప్పుడు మనవరాలు రసజ్ఞది. కత్తులు అడుగున, వాటి మీద తెల్ల జాకెట్టు, కత్తిని పాయింటు దీపానికి కలిపే వైర్ల చుట్టలు పక్క జేబులో, జాలీ మాస్కు అన్నిటికన్నా పైన. పదిహేనేళ్ళు ప్రవీణకి సర్దిన చెయ్యి. కళ్ళు మూసుకున్నా వరస తప్పదు.

చివర్లో ఎవరూ చూడకుండా ఒక సాక్సు తీసి బొడ్లో దోపుకుంది. అది ఆవిడ ఎవరికీ చెప్పని అలవాటు. ఎనిమిదేళ్ళ కిందట భర్త సీతారామయ్య రెండు రోజుల్లో వచ్చేస్తానని చిన్న సంచి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి ఇక రాలేదు. ఆ సంచిలో దువ్వెనతో సహా అన్నీ తనే పెట్టింది. ఆయనదంటూ ఇంట్లో ఏదీ మిగల్చకపోబట్టే ఆయన రాలేదని ఆవిడ మనసులో పడిపోయింది. అప్పట్నుంచి ఎవరు ఊరికి బయల్దేరినా ఒక వస్తువు వెనక ఉంచేస్తుంది, దానికోసమైనా తిరిగొస్తారని.

"అమ్మా, ఆ సంచి సర్దకు."

ప్రవీణ తన గది గుమ్మంలో నిలబడి ఉంది. గంజి పెట్టిన చీర, మెళ్ళో ఆఫీసు కార్డు. నాలుగుసార్లు జాతీయ చాంపియన్ అయిన పిల్ల. మోకాలు దెబ్బతిని ఆట మానేస్తే, ఆ పతకాలు చూసి ప్రభుత్వం క్రీడా శాఖలో అధికారి ఉద్యోగం ఇచ్చింది. చేరి ఎనిమిది నెలలైంది.

"అదేమిటే? పదకొండున్నరకి రైలు పెట్టుకుని!"

"రసజ్ఞ వెళ్ళటం లేదు. పదిహేడేళ్ళలోపు జట్టులోంచి దాని పేరు తీసేశారు." ఒక్క క్షణం ఆగింది. "తీసేశారు కాదు, నేనే తీసేశాను. ఎవరో ఫిర్యాదు రాశారు, ఫైలు నా బల్ల మీదికొచ్చింది. నిన్న సాయంత్రం సంతకం పెట్టాను. పదింటికి జాబితా బయటికొస్తుంది. ఈలోపు నేనే చెబుదామని."

సగం అల్లిన జడతో రసజ్ఞ బయటికొచ్చింది. వెనకే దాని తండ్రి, ప్రవీణ అన్న ఆదర్శ్, భుజాన లాప్‌టాప్ సంచితో. అతని భార్య రోహిణి ఆరింటికే కంపెనీ క్యాబులో హైటెక్ సిటీ వెళ్ళిపోయింది.

"ఏమంటున్నావత్తా?"

"నీకు పదిహేడు నిండాయి కదమ్మా. కాగితాల్లో పదహారున్నాయి."

"అది సర్టిఫికెట్ వయసు!" అని అరిచాడు ఆదర్శ్. "మన ఇళ్ళల్లో ఎవరికి లేదు? నాన్నకి లేదా?"

నిజమే, ఆ ఇంట్లో అందరికీ రెండు వయసులు. యాభై ఎనిమిదికి రిటైరైన సీతారామయ్యకి అప్పటికే అరవై దాటాయని ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ పాయసం తాగారు.

"నాన్న పోటీల్లో ఆడలేదన్నయ్యా. ఇది ఏడాది చిన్నపిల్లల్ని ఓడించి మూడు పతకాలు తెచ్చుకుంది. అవీ వెనక్కివ్వాలి."

"దానికి నేర్పింది నువ్వే కదే! అది పుట్టినప్పుడు ఆసుపత్రిలో ముందు ఎత్తుకున్నదీ నువ్వే. అప్పుడు తెలీలేదా?"

"తెలుసు. ఆడుతున్నన్నాళ్ళూ కాగితాలు నా పని కాదనుకున్నాను. తప్పే. అదీ రాసి ఫైల్లో పెట్టాను."

"ఇంకేం! మేనకోడలి గొంతు కోసిన నిజాయితీపరురాలని రేపు పేపర్లో ఫోటో వేస్తారు. ఒక్క పది రోజులు ఆ ఫైలు పక్కన పెట్టలేకపోయావా?"

"పెట్టొచ్చు. పెట్టలేదు."

రసజ్ఞ కళ్ళల్లో నీళ్ళు లేవు. "నీ మోకాలు పోయిందని నా కాళ్ళు విరగ్గొట్టావా అత్తా?"

ప్రవీణ మొహం పాలిపోయింది. "తగిలితే మనమే చెయ్యెత్తి ఒప్పుకోవాలని నేర్పాను నీకు," అంది నెమ్మదిగా.

సుబ్బలక్ష్మికి ప్రవీణ ఆడిన ఒక సెమీఫైనల్ గుర్తొచ్చింది. తన కత్తి మొన ఎదుటి అమ్మాయికి కాక నేలకి తగిలి ప్రవీణ వైపు పాయింటు దీపం వెలిగింది. ఎవరూ చూడలేదు. ప్రవీణే చెయ్యెత్తి, ఆ పాయింటు నాది కాదంది. ఆ ఒక్క పాయింటుతోనే ఓడిపోయింది. అపార్ట్‌మెంటంతా తిరిగి ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది తను.

"బడివాళ్ళెవరో తప్పు రాస్తే నా కూతురు బలా?" అన్నాడు ఆదర్శ్.

ప్రవీణ తల్లి వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది. "ఎవరు రాయిస్తే ఏంలే."

సుబ్బలక్ష్మి సంచిలోంచి తువ్వాలు తీసింది. నిజాంపేట సందులో ఆ బడికి పిల్లని తీసుకెళ్ళింది తనే. కామెర్లొచ్చి ఏడాది చదువు పోయింది, క్లాసులో పెద్దదైపోతే వెక్కిరిస్తారని ఏడాది తగ్గించి చెప్పింది. ఇప్పుడా మాట నోరు దాటితే కొడుకు తనని ఏమంటాడు? మనవరాలు ఎలా చూస్తుంది? ఆవిడ తువ్వాలు మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడత పెట్టింది.

రసజ్ఞ సంచి లాక్కుని బోర్లించింది. కత్తులు గచ్చు మీద ఖణేల్మన్నాయి. ఖాళీ సంచి ప్రవీణ కాళ్ళ దగ్గరికి విసిరింది.

"నీదే కదా! తీసుకుపో."

"నువ్వుంటే దానికి ఈ ఇంట్లో ముద్ద దిగదు. వెళ్ళిపో," అన్నాడు ఆదర్శ్.

వంటింట్లో గిన్నెలు తోముతున్న బాలమ్మ తొంగి చూసింది. "గిదేంది సారూ, పొద్దుగాల్నే ఆడబిడ్డను ఎల్లగొడ్తరా?"

"నువ్వు నోరు మూసుకో బాలమ్మా!"

"మూస్కుంట. నాకేంది."

ప్రవీణ సంచి తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అరగంటకి నిండిన సంచి భుజాన వేసుకుని బయటికొచ్చి, "బీపీ మాత్ర వేసుకోమ్మా," అంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడింది, ఏదో మాట కోసం చూస్తున్నట్టు. సుబ్బలక్ష్మి మాట్లాడలేదు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

నాలుగు రోజులు ఆవిడకి అన్నం సయించలేదు. అయిదోరోజు కొడుకుని కూచోబెట్టి, "ఆ తేదీ చెప్పింది నేనురా," అంది. ఆదర్శ్ తల పట్టుకున్నాడు. రసజ్ఞ లేచి గదిలోకి వెళ్ళి అత్తకి ఫోన్ చేసింది. ప్రవీణ ఎత్తలేదు.

దసరా సెలవులు అవగానే సుబ్బలక్ష్మి ఒక్కతే ఆటో ఎక్కి గచ్చిబౌలిలో కూతురి ఆఫీసుకి వెళ్ళింది. ప్రవీణ ఫైళ్ళ మధ్య తలెత్తింది. సుబ్బలక్ష్మి లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, సెమీఫైనల్లో ప్రవీణ ఎత్తినట్టే కుడిచెయ్యి పైకెత్తింది.

ప్రవీణ గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని దించింది.

"నాకు తెలుసమ్మా. బడి దరఖాస్తు ఫైల్లోనే ఉంది. కింద సంతకం నీదే."

సుబ్బలక్ష్మి బడికి పోకుండా, పాత పేపర్లు కూడబలుక్కుని ఒంటరిగా నేర్చుకున్న అక్షరాలవి. సున్నా పక్కకి వాలే ఆ రాత ఇంకెవరిదీ కాదు. అది చూశాకే ప్రవీణ ఆ పొద్దున్న హాల్లో నిలబడింది. అన్న చేత అన్ని మాటలూ పడింది. తల్లి పేరు మాత్రం ఎత్తలేదు.

"నా పేరెందుకు దాచావే?" అని సుబ్బలక్ష్మి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నువ్వే చెబుతావేమోనని చూశాను," అంది ప్రవీణ కళ్ళు తుడుచుకుంటూ.

టీ తెప్పించింది. వీపు నిమిరింది. కింద ఆటో దాకా వచ్చి ఎక్కించింది. "ఇంటికి రావే," అంటే, "వస్తాలేమ్మా," అంది.

ఇంటికొచ్చి సుబ్బలక్ష్మి కూతురి అలమర తీసింది. పిన్నీసయినా లేదు. ఆ రోజు ప్రవీణ తలుపేసుకుని తనే సర్దుకుంది. ఆవిడకి ఏదీ తీసి దాచే వీల్లేకపోయింది. ఆవిడ దగ్గర మిగిలింది, ఏ ఊరూ వెళ్ళని మనవరాలి సాక్సు ఒక్కటే.

ప్రవీణ ఆ ఇల్లు వదిలింది రెండువేల ఇరవై మూడు అక్టోబరు పంతొమ్మిది, గురువారం, ఉదయం ఎనిమిదింటికి. మళ్ళీ రాలేదు.