అందని జిప్పు

లిఫ్టు ఆగిపోయినప్పుడు నేను ఆకుపచ్చ గౌనులో ఉన్నాను.

తప్పు మా ఇంట్లో అద్దానిది. అది మొహం వరకే చూపిస్తుంది. మెడ కింద కూడా మనిషి ఉంటాడన్న సంగతి, దాన్ని కొన్నప్పుడు మా అత్తయ్యకి తట్టలేదు. అపార్ట్‌మెంటు మొత్తానికి నిలువుటద్దం ఉన్నది ఒక్క లిఫ్టులోనే. అందుకని మధ్యాహ్నాలు, పనున్నవాళ్ళు పనికీ, లేనివాళ్ళు నిద్రకీ పోయిన వేళ చూసి, గౌను తొడుక్కుని, పెదవులకి రంగు వేసుకుని, ఎత్తు మడమల చెప్పులతో లిఫ్టు ఎక్కేవాణ్ణి. పైకోసారి, కిందికోసారి. నా షికారు అంతే.

ఆ రోజు అద్దం చూసి సంబరం ఆగక ఒక చుట్టు తిరిగాను. గౌను గొడుగులా విచ్చుకుంది. చెప్పు మడమకున్న రబ్బరు ముక్క ఊడి తలుపు గాడిలో పడింది. లిఫ్టు ఓసారి దగ్గి, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది.

గంట నొక్కాను. కాసేపటికి పైనుంచి ఆడగొంతు వినిపించింది. "ఎవరండీ లోపల?"

గొంతు విప్పితే మగవాణ్ణి. తలుపు తెరుచుకుంటే గౌను. రెండింటికీ కలిపి ఏం జవాబు చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

"అయ్యో, స్పృహ తప్పారా?"

"లేదు," అన్నాను చివరికి.

"మరి అంత ఆలోచించాలా అండీ దానికి?"

పై తలుపు తెరుచుకుంది. నీలం ఓవరాల్సు, టోపీలోకి దోపిన జుట్టు, నడుముకి స్పానర్ల బెల్టు: లిఫ్టు మెకానిక్. మోకాళ్ళ మీద వంగి టార్చి వేసింది. వెలుగు నా తల నుంచి పాదాల దాకా దిగి, మళ్ళీ పైకొచ్చింది. ఇప్పుడు కేక పెడుతుంది, లేదా నవ్వుతుంది, లేదా ఫోను తీస్తుంది అనుకున్నాను. మనుషులు ఇలాంటప్పుడు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. ఉద్యోగానికొచ్చినవాళ్ళ మనస్తత్వాన్ని కొలిచి కంపెనీలకి చెప్పడమే నా పని.

"దూకకండి," అందామె. "ఇరుక్కున్నప్పుడు ప్రాణం పోయేది పెట్టెలో కూర్చున్నవాళ్ళకి కాదు, కంగారుపడి సగంలో దూకేవాళ్ళకి."

నా కొలత తప్పడం అదే మొదలు.

లిఫ్టుని మెల్లగా సమానానికి తెచ్చి, గాడిలోంచి రబ్బరు ముక్కని స్క్రూడ్రైవరుతో లాగింది.

"మీదేనా?"

"మా అత్తయ్యది."

నా పాదాల వంక చూసింది. "ఇంత పెద్ద చెప్పులా? పాపం, ఆవిడ పడకుండా ఎలా నడుస్తున్నారో."

నాకు నవ్వొచ్చింది. అదే కొంప ముంచింది. భయంతో ఉన్నవాణ్ణి నవ్వించినవాళ్ళని మర్చిపోవడం కష్టం.

"ఇంకోమాట," అంది. "వెనక జిప్పు సగమే ఉంది."

"అందదు."

"ఒక్కరే వేసుకుంటే ఎవరికీ అందదు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటారనుకుని కుట్టారు దాన్ని." తన చేతులు తిప్పి చూసుకుంది. నల్లటి గ్రీజు. "ఇవిలా ఉన్నాయి గానీ, లేకపోతే నేనే పెట్టేదాన్ని."

ఆ తర్వాత మా లిఫ్టుకి తరచూ జబ్బు చేయసాగింది.

"ఏదో చప్పుడొస్తోందండీ," అని ఫోను చేసేవాణ్ణి.

"ఎలాంటి చప్పుడు?"

"చెబితే అర్థం కాదు. వచ్చి వినాలి."

ఆమె వచ్చేది. లిఫ్టు నిక్షేపంలా తిరిగేది. "పాపం, దీనికేం రోగం లేదు. ఫోను చేసేవాళ్ళకే ఉన్నట్టుంది," అనేది. మా అత్తయ్య అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి అధ్యక్షురాలు. నీళ్ళ ట్యాంకు గురించి ఆవిడ మీటింగులు పెట్టుకున్న సాయంత్రాల్లో మెకానిక్ మా వంటగదిలో టీ తాగేది. నేను గౌనులో కాచేవాణ్ణి. తాగుతూ తాగుతూ ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది.

"ఎప్పట్నించీ ఇది?" అని అడిగిందోసారి.

"చిన్నప్పట్నించీ. దీని మీద మూడు సిద్ధాంతాలున్నాయి. మొదటిది, పసితనంలో తల్లితో..."

"గౌను బాగుంటుంది కాబట్టి వేసుకున్నాడన్న సిద్ధాంతం ఉందా వాటిలో?"

"లేదు."

"అయితే ఆ పుస్తకాలు తూకానికి అమ్మెయ్."

కిటికీ మీద చినుకులు మొదలయ్యాయి. ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆడదానివైపోవాలనుందా?"

"లేదు. పొద్దున్న ప్యాంటులో ఉన్నదీ నేనే. ఇప్పుడు గౌనులో ఉన్నదీ నేనే. కాకపోతే ఇప్పుడు భుజాలు కిందికి దిగుతాయి. ఊపిరి కడుపు దాకా వెళ్తుంది."

"మరి ఆడపిల్లలంటే?"

"ఆడపిల్లలంటే కాదు. ఒక ఆడపిల్లంటే."

ఆమె కప్పులోకి చూస్తూ కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి. "చక్కెర ఎక్కువైంది," అంది.

ఆ మాట తేలకముందే ఇంకో మాట చెప్పింది. వచ్చే నెల నుంచి కంపెనీ ఆమెని నగరం అవతలి భాగానికి మారుస్తోంది. మా లిఫ్టుకి వేరే మెకానిక్ వస్తాడు.

"అయినా కలుసుకోవచ్చుగా," అన్నాను. "నువ్వు ఇక్కడికే రావచ్చు. అత్తయ్య లేనప్పుడు."

"తలుపేసుకునా?"

"ప్రస్తుతానికి."

"కింద తోటలో కుర్చీలున్నాయి. నలుగురూ తిరుగుతుండగా నువ్వూ నేనూ అక్కడ కూర్చుని టీ తాగాలి. గౌనులో వస్తేనే సుమా. ప్యాంటులో వచ్చేవాళ్ళు నాకు బోలెడుమంది."

"లోకం ఇంకా సిద్ధంగా లేదు."

"సిద్ధమయ్యాక కబురు పెడతానందా?"

"నీకు వేళాకోళంగా ఉంది."

"నేను ప్యాంటేసుకుని, స్పానర్లు కట్టుకుని ఊరంతా తిరుగుతాను. మొదట్లో మగరాయుడన్నారు. తర్వాత విసుగొచ్చి మానేశారు. జనం తిట్టడంలో కూడా బద్ధకస్తులేనయ్యా, ఎక్కువకాలం చెయ్యలేరు." లేచి టోపీ పెట్టుకుంది. "ఇప్పుడు గౌను దాస్తున్నావు. రేపు నన్నూ దాస్తావు. నేను బీరువాలో పట్టను."

తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. విసిరికొట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది.

పిరికివాళ్ళకి తెలివితేటలు ఎక్కువ. వాటితోనే బతకాలి కదా. నేను బాగా ఆలోచించి ఒక రోజు ఎంచుకున్నాను. అసోసియేషన్ వార్షికోత్సవం. ఆ రోజు జనాన్నీ కుర్చీలనీ మోయలేక లిఫ్టు మొరాయిస్తుందని మెకానిక్‌ని పొద్దున్నించీ అక్కడే ఉంచుతారు. పైగా సాయంత్రం తోటలో విచిత్ర వేషాల పోటీ ఉంటుంది. ఆ రెండో సంగతి ఆమెకి చెప్పలేదు. "ఆదివారం సాయంత్రం, తోటలో, టీ," అని మాత్రం ఫోనులో చెప్పాను. అవతల ఆమె ఊపిరి వినిపించింది. "నిజంగా?" అంది. ఆ ఒక్క మాటలో ఉన్న సంతోషానికి నేను అర్హుణ్ణి కాదు.

గౌను వేసుకున్నాను. జిప్పు ఎప్పటిలాగే సగంలో ఆగింది. పైన పల్చటి శాలువా కప్పుకుని కిందికి దిగాను.

తోట చప్పట్లతో మారుమోగింది.

"అదిరిందయ్యా!" అని అసోసియేషన్ సెక్రటరీ నా వీపు చరిచాడు. "ఈ లిప్‌స్టిక్ ఎక్కడ కొన్నావు బాబూ, నాక్కూడా చెప్పు," అంది లాయరుగారి భార్య. అట్టపెట్టెలు అంటించుకుని ఫ్రిజ్ వేషం వేసిన బ్యాంకు ఆఫీసరు అసూయగా చూశాడు. మా అత్తయ్య వేదిక మీద నోరు తెరిచి, జనం నవ్వడం చూసి తనూ నవ్వింది. ఎన్నాళ్ళుగానో భయపడిన లోకం నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

నేను రెండు టీలు పట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆమె నన్ను చూడటం లేదు. నా తల మీదుగా, చెట్లకి కట్టిన గుడ్డ మీది అక్షరాలు చదువుతోంది.

"పోటీ ఉందని చెప్పలేదు."

"వచ్చాను కదా! అందరి ముందుకీ వచ్చాను."

"తెలివైనవాడివి. ఎవరైనా కొడితే, వేషమేనండీ అని తప్పించుకోవచ్చు."

"అలా కాదు..."

"నువ్వింకా పైనే ఉన్నావు. వచ్చింది వేషం." కప్పు అందుకోలేదు. "టీ దానికే పొయ్."

మేడ మీద మోటారు గదికి మెట్లెక్కి పోయింది. తను బాగుచేసిన లిఫ్టుని కూడా ఎక్కలేదు.

మైకు గరగరలాడింది. "మొదటి బహుమతి," అన్నాడు సెక్రటరీ, "మన అధ్యక్షురాలి మేనల్లుడికే! పక్షపాతం లేదండోయ్, చప్పట్లే సాక్ష్యం! రెండో బహుమతి ఫ్రిజ్‌కి!"

కప్పులు ఒక కుర్చీలో పెట్టి వేదికెక్కాను. అత్తయ్య పల్చటి రంగు కాగితం చుట్టిన పెట్టె నా ముందుకి చాచింది. మీద బొమ్మ కనిపిస్తూనే ఉంది. గడ్డం గీసుకునే సెట్టు.

"రెండు ముక్కలు మాట్లాడాలి!" అని అరిచారు.

నిజానికి ఒక్క ముక్క కూడా అక్కర్లేదు. నవ్వి దిగిపోతే చాలు. ఇకమీద ఏటా ఇదే రోజున ఈ గౌను వేసుకోవచ్చు. ఏటా చప్పట్లు కొడతారు. నవ్వుకోవడానికి పనికొచ్చినంతకాలం నన్ను నాలా ఉండనిస్తారు. మేడ మీద మోటారు గదిలో దీపం వెలుగుతోంది. అటు చూశాను.

"ఈ ప్రైజు నాకు చెల్లదండీ," అన్నాను మైకులో. "నేను పోటీలో లేను."

"సిగ్గుపడుతున్నాడు!" అన్నారెవరో. నవ్వులు.

"ఇది వేషం కాదు. నా బట్టలు. నేనే కొనుక్కున్నాను, నేనే ఉతుక్కుంటాను. రేపు సాయంత్రం కూడా వేసుకుని ఇక్కడే కూర్చుంటాను. రేపు పోటీ ఉండదు."

నవ్వు ఎలా ఆగుతుందో అప్పుడు చూశాను. ఒక్కసారిగా ఆగదు. ముందు వరసలో మొదలై, వెనక్కి పాకుతూ పోతుంది. ఒకాయన పిల్లల్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. పిల్లలు మాత్రం మెడలు తిప్పి చూస్తూనే వెళ్ళారు. లాయరుగారి భార్య కుర్చీని కాస్త అవతలికి జరుపుకుంది. లిప్‌స్టిక్ దుకాణం పేరు ఇక ఆవిడకి అక్కర్లేదు.

ఆ నిశ్శబ్దంలో ఫ్రిజ్ భార్య లేచి నిలబడింది. "పోటీలో లేనివాడికి ఫస్టెలా ఇస్తారండీ? అలాగైతే ఫస్టు మా ఆయనదే కదా!"

సెక్రటరీ తల గోక్కున్నాడు. నిబంధన ప్రకారం అంతేనన్నాడు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. నా పుస్తకాలు తేల్చలేని విషయాన్ని ఆవిడ అలా తేల్చిపారేసింది.

తేలనిది అత్తయ్య ఒక్కతే. పెట్టె పట్టుకుని అలాగే నిలబడింది. నన్ను తల నుంచి పాదాల దాకా చూసింది. చుట్టూ తిరిగి వెనక్కి వచ్చి, శాలువా తొలగించింది.

"ఇదేమిట్రా?"

"జిప్పు. అందలేదత్తా."

"అందకపోతే పిలవాలి కదా." మైకు పక్కనే ఉందన్న సంగతి ఆవిడ మర్చిపోయింది. తోటంతా వింది. "పక్క గదిలోనే కదరా ఉంటాను. ఇన్నేళ్ళూ పక్క గదిలోనే ఉన్నాను కదా."

ఆవిడ వేళ్ళు నా వెన్ను మీద తడుముకున్నాయి. కీళ్ళనొప్పుల వేళ్ళు, జిప్పు కొస పట్టుకోలేక జారిపోతున్నాయి. "ఈ ముదనష్టపు చేతులొకటి! ఎవరైనా రండమ్మా, ఊరికే గుడ్లప్పగించి చూడకపోతే!"

ఎవరూ కదల్లేదు. మెట్ల మీద మాత్రం బూట్ల చప్పుడైంది.

మైకు మేడ మీదికి కూడా వినిపించిందట. జనం తమంతట తామే దారిచ్చారు. మెకానిక్ వేదికెక్కి నా వెనక నిలబడింది.

"చేతులకి గ్రీజుంది," అంది మెల్లగా.

"ఉండనీ."

ఒక చెయ్యి నా వీపు మీద ఆనించి, రెండో చేత్తో జిప్పు పైదాకా లాగింది. ఆ చిన్న చప్పుడుకి నా భుజాలు కిందికి దిగాయి.

"అయ్యో, అయ్యో!" అంది అత్తయ్య. "కొత్త గౌను! ఎవరమ్మా నువ్వు? ఏమిటా చేతులు?"

"లిఫ్టు మెకానిక్‌నండీ. గ్రీజు."

"అస్తమానం రిపేరొచ్చే లిఫ్టుకా?" అత్తయ్య ఆమె వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. అధ్యక్షురాలు ఊరికే కాలేదు మరి. "మరక పోతుందా?"

"అంత తొందరగా పోదండీ."

"పాడుచేసినవాళ్ళే ఉతకాలి. రేపు ఇంటికి రా."

"ఒక్కరోజులో అయ్యే పని కాదండీ. చాలాకాలం పడుతుంది."

"అయితే చాలాకాలం రా," అంది అత్తయ్య. గడ్డం సెట్టు పట్టుకుని ఫ్రిజ్‌ని వెతుకుతూ పోయింది.

తోటలో రెండు కుర్చీలు దొరికాయి. చుట్టుపక్కలవి ఎలాగూ ఖాళీ అయ్యాయి.

"టీ చల్లారిపోయింది," అన్నాను.

"తే."

తాగింది. మొహం చిట్లించింది. "చక్కెర ఎక్కువైంది," అని కప్పు ఖాళీ చేసింది.

ఇంతలో ఫ్రిజ్ మా దగ్గరికొచ్చి నిలబడింది. మొదటి బహుమతి చంకలో ఉంది. నన్ను చూడకుండా, ఎటో చూస్తూ అడిగాడు లోపలున్న ఆఫీసరు. "వెనక తాడు ముడి పడిపోయిందండీ. నాకు అందట్లేదు. ఏమీ అనుకోకపోతే..."

విప్పాను.

నా గౌను మీది అయిదు వేళ్ళ మరక ఇప్పటికీ పోలేదు. మేమూ పెద్దగా రుద్దలేదనుకోండి.