పేరు తీసేసిన కథ

శుక్రవారం ఉదయం అద్దం ముందు తల దువ్వుకుంటున్న తల్లి పక్కన కూతురు కాఫీ గ్లాసు పెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే బడిలో సాహిత్యం బోధించి, రెండేళ్ళ క్రితం పదవీ విరమణ చేసిన టీచరమ్మ ఆ తల్లి. ఇప్పుడు ఆ తరగతి కూతురిది.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా? క్లాసుకు రమ్మన్నావు," అంది తల్లి.

"శుక్రవారం పద్ధతి పెట్టిందెవరని పిల్లలు అడిగారమ్మా. చూపిస్తే సరిపోతుందిగా."

కిటికీ దగ్గర ప్రెస్సు ప్రూఫులు దిద్దుతున్న తండ్రి కళ్ళజోడు మీదుగా చూశాడు. "మీరిద్దరూ ఒకే గదిలో గంటసేపా? బడికి ఇన్సూరెన్స్ ఉందో లేదో కనుక్కోండి."

"మీరు అక్షరాలు చూసుకోండి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ పద్ధతి చాలా సులువైనది. పిల్లలు తమ కథలను పేరు రాయకుండా పెట్టెలో వేస్తారు. టీచరు ఒకటి తీసి చదువుతుంది. అందరూ మాట్లాడతారు. రాసినవారు మాత్రం తమదని చెప్పుకోకూడదు. పేరు చూసి మెచ్చుకోవడం, పేరు చూసి జాలిపడడం రెండూ చదువరిని పాడుచేస్తాయని టీచరమ్మ నమ్మకం.

తల్లి క్లాసులోనే చదువుతున్న కూతురికి ఆ నమ్మకం దెబ్బ పద్నాలుగో ఏట తగిలింది. వంతెన కట్టాక పనిపోయిన పడవవాడి మీద ఆమె ఒక కథ రాసి పెట్టెలో వేసింది. "వాడి తెడ్డు ఇప్పుడు తలుపుకు గడియ" అన్న వాక్యం దగ్గర తల్లి ఆగి, "ఆ తలుపు కొలతలు ఎవరైనా చెప్పగలరా?" అని అడిగింది. తరగతి విరగబడి నవ్వింది. దొరికిపోతానన్న భయంతో ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ ఒక్క వాక్యం రాయలేదు. ఆ బాకీ తీర్చడానికి ఇరవై రెండేళ్ళు కాచుకుంది.

అవకాశం కిందటి నెలలో దొరికింది. అలమరలో పాత జవాబు పత్రాల అడుగున తల్లి దాచుకున్న కథ కనిపించింది. పది పుటలు, తల్లి దస్తూరీ. ఆమె దాన్ని టైపు చేసి, ఇరవై ఎనిమిది ప్రతులు తీయించింది. ఒక్కో ప్రతిలో తొమ్మిది పుటలే ఉన్నాయి.

తరగతిలో తల్లి వెనక బెంచీలో కూర్చుంది. మొదటి వాక్యం వినగానే ఆమె చేతిలోని కలం కదలడం మానేసింది. కూతురు తల ఎత్తకుండా, తొందరపడకుండా, తొమ్మిది పుటలూ చదివింది.

"చెప్పండి. మొహమాటం వద్దు."

తరగతిలోకెల్లా నోరున్న పిల్ల లేచింది. పిల్లలు ఆమెను కత్తెర అంటారు. "ఈ తల్లి కూతుర్ని ఏదో అడగాలనుకుంటుంది టీచర్. తొమ్మిది పేజీలూ 'తిన్నావా' అనే అడుగుతుంది. అసలు ఏం అడగాలో రాసినవాళ్ళకే తెలీదనుకుంటా."

"నాలుగో పేజీ అంతా వానే," అన్నాడొకడు. "చదువుతుంటే నాకు జలుబు చేసింది."

అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది. ఈసారి ఆమెకు భయం లేదు. వెనక బెంచీలో తల్లి ముఖం పాలిపోవడం చూసింది. ఇన్నేళ్ళూ ఊహించుకున్నంత తియ్యగానే ఉంది. ఇంకొంచెం కావాలనిపించి, "ఇంకెవరు?" అంది. గంట కొట్టేలోపు అందరి అభిప్రాయాలూ కాగితాల మీద రాయించి తీసుకుంది.

సాయంత్రం ఇంట్లో తల్లి చెప్పులు విప్పకుండానే నిలబడింది.

"పదో పుట ఏదే?"

"నా దగ్గరే ఉంది. 'నువ్వు రాయడం ఎందుకు మానేశావు' అని అక్కడేగా నీ కథలో ఆవిడ కూతుర్ని అడిగేది? నీకు నిజంగా తెలీదామ్మా? అది చదివాక నా ఒళ్ళు మండిపోయింది."

"తెలీకే రాశాను."

"పడవవాడి కథ నాది. తలుపు కొలతలడిగి క్లాసంతటినీ నవ్వించావే, అది."

తల్లి భర్తవైపు తిరిగింది. "అది మీ దస్తూరీ కదండీ. మీరే రాసి పెట్టెలో వేయించారనుకున్నాను."

ప్రూఫుల మీద తండ్రి చెయ్యి ఆగిపోయింది. "నా దస్తూరీయే. దాని రాత నువ్వు గుర్తుపడతావని నాచేత తిరగరాయించుకుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆ రాత్రి నువ్వు నన్ను 'పడవ కవీ' అని ఆటపట్టించావు. రాసింది ఇదేనని నీకు తెలిసిపోయిందని, సరదాకే అంటున్నావని అనుకున్నాను. ఇది రాయడం మానేసిందంటే చదువుల భారమనుకున్నాను. వెధవ ఒట్టు."

"అంటే నాన్నదనుకుని నవ్వావా?" కూతురి గొంతు తగ్గింది. "సరదాకా?"

ఔనంటే సరిపోయేది. తల్లి అనలేదు.

"సరదా కాదు. కుళ్ళు. అప్పటికి పత్రికల నుంచి నా కథలు పదకొండు తిరిగొచ్చాయి. రోజూ ఒకరి తప్పులు దిద్దుకునే ఈయన ఆ తెడ్డు వాక్యం రాశాడనుకునేసరికి ఓర్చుకోలేకపోయాను. అది బాగుందని తెలిసే నవ్వించాను. అలాంటి వాక్యం ఒక్కటైనా రాయాలని ఇప్పటికీ చూస్తున్నాను."

కూతురు కూలబడింది. తను పొద్దున చేసింది కూడా అదే. పదో పుట చదివినప్పుడు ఒళ్ళు మండడానికి ముందు ఆ ప్రశ్నను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంది. అది బాగుందని తెలిసే దాచింది.

"క్లాసులో లేచి చెప్పొచ్చుగా, పేజీ తక్కువైందని," అంది ఏడుస్తూ.

"చెబితే నాదని చెప్పుకున్నట్టేగా. నేను పెట్టిన నియమం నేనే ఎలా తప్పను?" తల్లి పక్కన కూర్చుని కూతురి వీపు మీద చెయ్యి వేసింది. "నా మీద కసి తీర్చుకున్నావు, సరే. పిల్లలకు కథను సగంలో కోసి ఇచ్చావు. అది మాత్రం సరిచెయ్యి."

సోమవారం కూతురు తరగతిలో పదో పుట పంచింది. "ఇది నేనే దాచాను. కోపంతో. మీతో తప్పుగా చదివించాను," అంది. ఎవరూ నవ్వలేదు. కత్తెర ఆ పుట రెండుసార్లు చదువుకుని, "నా కాగితం ఇచ్చేయండి టీచర్, మళ్ళీ రాస్తాను," అంది.

కత్తెర తిరగరాసిన కాగితం సాయంత్రానికి ఇల్లు చేరింది. తల్లి దాన్ని కిటికీ దగ్గర, వెలుతురులో చదివింది. 'ఈ ప్రశ్న అడగడానికి ఆవిడకు తొమ్మిది పేజీల ధైర్యం కావాల్సి వచ్చింది. నేను తొందరపడ్డాను. నాలుగో పేజీ మాత్రం ఇప్పటికీ అనవసరం.'

"అనవసరమేనే," అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ. "కొట్టేద్దామా?"

కూతురు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. "అంతా వద్దమ్మా. చివరి రెండు వాక్యాలు ఉంచు. అవి నాకు నచ్చాయి."